తెల్లకణాలు 6,200 ఉన్నా నాకు సర్పి ఎందుకు వచ్చింది

బ్లడ్ క్యాన్సర్ చికిత్స ముగిసి, తెల్ల రక్తకణాల సంఖ్య మామూలు స్థాయికి వచ్చాక రోగనిరోధక శక్తి కూడా పూర్తిగా తిరిగి వచ్చినట్టేనా అని మీరు అడిగారు. కాదు. ఈ పొరపాటు నేను చేసి చూశాను కనుక గట్టిగానే చెబుతున్నాను.

నలభై ఆరేళ్ల వయసులో ల్యుకేమియా అనే బ్లడ్ క్యాన్సర్‌కు మా తమ్ముడి మూలకణాలతో మజ్జ మార్పిడి చేయించుకున్నాను. ఎనిమిదో నెలలో తెల్లకణాలు 6,200 ఉన్నాయని రిపోర్టులో చూసి, ఇక భయం లేదనుకుని, వైరస్‌ను అణచి ఉంచడానికి ఏడాది పాటు వేసుకోమన్న ఎసైక్లోవిర్ మాత్రలను ఎవరికీ చెప్పకుండా మానేశాను. నెల తిరగకుండానే కుడివైపు పక్కటెముకల వెంట మంట మొదలై, మూడో రోజుకు నీటిపొక్కులు పట్టీ కట్టినట్టు వీపు దాకా పాకాయి. చొక్కా అంచు తగిలినా ప్రాణం విలవిలలాడేది. చిన్ననాడు వచ్చిపోయిన ఆటలమ్మ వైరస్సే ఇన్నేళ్లూ నరాల్లో దాగి ఉండి సర్పిగా లేచింది.

సంఖ్య బాగానే ఉంది కదా అని నేను వాదిస్తుంటే, డాక్టరు గారు ఇంకో కాగితం తీసి, వైరస్‌లతో పోరాటాన్ని నడిపించే టీ కణాల్లో ఒక రకమైన సీడీ4 కణాలు బాగా తక్కువగా, 140 అని ఉన్నచోట గోటితో గీత పెట్టారు. తెల్లకణాల్లో అధిక భాగం బ్యాక్టీరియాతో పోరాడే న్యూట్రోఫిల్సే, అవి కొన్ని వారాల్లోనే కోలుకుంటాయి. కొత్త కొత్త రకాల టీ కణాలు మాత్రం ఛాతీలో ఉండే థైమస్ గ్రంథిలో తయారు కావాలి. వయసుతో కుంచించుకుపోయే ఆ గ్రంథిని కీమో మరింత దెబ్బతీస్తుంది. అందుకే తొలి నెలల్లో దాత నుంచి వచ్చిన కొద్దిపాటి టీ కణాలే విభజన చెంది ఖాళీని నింపుతాయి. పైగా నాకు మూడో నెలలో ఒంట్లో దాగి ఉండే సైటోమెగలోవైరస్ అనే మరో వైరస్ తలెత్తింది కనుక, దాన్ని గుర్తుపట్టే కణాల నకళ్లే గుంపులుగా పెరిగి చోటంతా ఆక్రమించాయి. పిల్లల్లో థైమస్ చురుగ్గా ఉంటుంది కనుక వారు త్వరగా కోలుకుంటారు. పెద్దవారికి ఏడాది, రెండేళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. మార్పిడి జరగకపోయినా, రిటుక్సిమాబ్ అనే క్యాన్సర్ మందు తీసుకున్నవారిలో యాంటీబాడీల తయారీకి మూలమైన బీ కణాలు నెలల తరబడి కనిపించవు.

ఇంత జరిగినా పరామర్శకు వచ్చిన ప్రతివారూ ఇమ్యూనిటీ పెంచే పొడి ఒకటి చేతిలో పెట్టి వెళ్లేవారు. పెంచడమంటే దేనిని? ఉన్న నకళ్లనా? లేని రకాన్ని ఏ పొడి పుట్టించగలదు? సంఖ్యను పెద్ద అక్షరాల్లో అచ్చువేసే రిపోర్టులది కూడా ఈ భ్రమలో వాటా ఉందనే నా అభిప్రాయం.

ప్రస్తుతం పసిపిల్లల టీకాలను మళ్లీ మొదటి నుంచి వేయించుకుంటున్నాను. తట్టు టీకా వంటి సజీవ వైరస్ టీకాలకు మాత్రం మార్పిడి జరిగి కనీసం రెండేళ్లు నిండాలి. నాకు ఇంకా ఐదు నెలలుంది.