ఫిఖ్ చదవబోయే బిడ్డకు

బిడ్డా,

ఎల్‌ఎల్‌ఎంలో ముస్లిం లా తీసుకున్నావని మీ అమ్మీ చెప్పింది. మహబూబ్‌నగర్ కోర్టులో ముప్పై ఏళ్లు నల్లకోటు వేసుకున్నవాణ్ని, నాకు ఎంత సంతోషమైందో.

షరియత్ వేరు, ఫిఖ్ వేరు. షరియత్ అల్లాహ్ చూపిన దారి. ఆ దారిని మనుషులు అర్థం చేసుకున్న తీరు ఫిఖ్. అందుకే హనఫీ ఫిఖ్‌కు మూలపురుషుడైన ఇమామ్ అబూ హనీఫాతో ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ అష్‌షైబానీలే ఎన్నోచోట్ల విభేదించారు. హనఫీ ఫిఖ్ గ్రంథం 'హిదాయా' చదివేటప్పుడు ఎవరు ఏ దలీల్ (ఆధారం) చూపారో రాసుకో. హామిల్టన్ 1791 నాటి ఇంగ్లీషు అనువాదం ఫారసీ నుంచి చేసింది, మూలం అరబీ. కాబట్టి కొంచెమైనా అరబీ నేర్చుకో.

ఒకామె నా దగ్గరికి వచ్చింది. భర్త బొంబాయికి కూలికి పోయి ఆరేండ్లు, జాడ లేదు. తిరిగొచ్చిన ఉత్తరాల కట్ట, నీలం దారంతో కట్టింది, నా బల్ల మీద పెట్టింది. పాత హనఫీ పుస్తకాల ప్రకారం భర్త ఈడువాళ్లంతా చనిపోయేదాకా, కొందరి లెక్కలో అతనికి తొంభై ఏళ్లు నిండేదాకా ఆమె మళ్లీ పెళ్లికి ఆగాలి. ఆమెకు ఇరవై ఆరు! మాలికీ మజ్‌హబ్‌లో, అంటే ఫిఖ్‌లోని ఇంకో సంప్రదాయంలో, నాలుగేళ్లు చాలు. 1930ల మొదట్లో మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ మదీనాలోని మాలికీ పండితుల నుంచి ఫత్వాలు తెప్పించి, అవసరమైతే ఆ దారి పట్టొచ్చని హనఫీగా ఉంటూనే చెప్పారు. 1939 ముస్లిం వివాహాల రద్దు చట్టంలో మొదటి కారణం అదే, నాలుగేళ్లు జాడ లేకపోవడం. ఆమెకు దాని మీదే డిక్రీ వచ్చింది. వచ్చాక కూడా ఆరు నెలలు ఆగాలి, ఈలోపు భర్త తిరిగొస్తాడేమోనని. ఏ సెక్షన్ చదివినా దాని వెనక ఇలా ఎవరు నిలబడి ఉన్నారో వెతుకు.

తలాక్, భరణాల మీద సుప్రీంకోర్టు ఇచ్చిన షాబానో (1985), డేనియల్ లతీఫీ (2001), షాయరా బానో (2017) తీర్పులు మొత్తం చదువు. టీవీ చర్చలు విని అభిప్రాయం పెట్టుకోకు.

వారసత్వం మాత్రం చేత్తో లెక్క వేస్తేనే వస్తుంది. కఫన్, దఫన్ (అంత్యక్రియల) ఖర్చు, అప్పులు, మూడో వంతు దాటని వసీయత్ (వీలునామా) తీసేశాక 320 గజాల జాగా మిగిలిందనుకో. భార్య, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు. భార్యకు ఎనిమిదో వంతు 40, కొడుకుకు 140, కూతుళ్లకు చెరో 70. ఇప్పుడు అదే ఇంట్లో కొడుకు లేడు, చనిపోయినాయన తమ్ముడు ఉన్నాడు. ఎవరికెన్ని గజాలో వేసి పంపు.

మీ చాచా