టెక్ సందేహాలు: రెండు గంటలకే ఆగిపోతున్న యాప్

ప్రశ్న: కాలేజీ ఫెస్ట్ కోసం ఒక యాప్ రాస్తున్నాను. క్లబ్ సభ్యులు అందులోంచే తమ ఎక్స్ ఖాతాల్లో పోస్టులు పెట్టుకోవాలి. అనుమతి పేజీకి వెళ్తే ‘సంథింగ్ వెంట్ రాంగ్’ అని వస్తోంది. ఎలాగో ఒకసారి పనిచేసినా రెండు గంటలకల్లా 401 (అనుమతి చెల్లదు) ఎర్రర్. సభ్యుల పాస్‌వర్డ్‌లు తీసుకుని స్క్రిప్ట్‌తో లాగిన్ చేయించెయ్యమని స్నేహితులు అంటున్నారు. చేయొచ్చా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: చివరి ప్రశ్నకు ముందు జవాబు: వద్దు. ట్విట్టర్‌లో ఒకప్పుడు నడిచిన పద్ధతి అదే. బయటి యాప్‌లు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ తీసుకుని ఏపీఐకి, అంటే యాప్‌లు ట్విట్టర్‌తో మాట్లాడే ఏర్పాటుకు, పంపేవి. 2010 ఆగస్టు 31తో ఆ దారి మూసేసి, పాస్‌వర్డ్ ఇవ్వకుండానే యాప్‌కు అనుమతి ఇచ్చే ఓఆత్ పద్ధతిని తప్పనిసరి చేశారు. పాస్‌వర్డ్ చేతిలో ఉన్న యాప్ పోస్టు పెట్టడంతో ఆగాల్సిన పని లేదు. డైరెక్ట్ మెసేజ్‌లు చదవగలదు, ఈమెయిల్ మార్చగలదు. మీకు ఆ ఉద్దేశం లేదు, నిజమే. కానీ మీ డేటాబేస్ ఎవరి చేతిలోనైనా పడితే నష్టపోయేది మిమ్మల్ని నమ్మిన స్నేహితులే. పైగా ఏపీఐని పక్కనబెట్టి వెబ్‌సైట్‌ను స్క్రిప్ట్‌తో నడిపించడం ఎక్స్ నిబంధనలకు విరుద్ధం, ఖాతాలు పోవచ్చు.

ఓఆత్‌లో మీకు వచ్చేది టోకెన్. తిరుమలలో ఇచ్చే సర్వదర్శనం టోకెన్ లాంటిదే: ఫలానా రోజు, ఫలానా సమయం, ఫలానా వరుస. అంతకుమించి అది దేనికీ పనికిరాదు. ఈ పరిమితే దాని బలం.

ఇక మొదటి ఎర్రర్. చాలాసార్లు కారణం కాల్‌బ్యాక్ చిరునామా, అంటే అనుమతి ఇచ్చాక సభ్యుణ్ని తిరిగి పంపాల్సిన మీ యాప్ చిరునామా. డెవలపర్ పోర్టల్‌లో నమోదు చేసినదీ, మీ కోడ్ పంపేదీ అక్షరం పొల్లు పోకుండా ఒకటే కావాలి. ఒకచోట హెచ్‌టీటీపీ, మరోచోట హెచ్‌టీటీపీఎస్ ఉన్నా, చివర ఒక స్లాష్ (/) ఎక్కువైనా కుదరదు. సొంత కంప్యూటర్‌లో పరీక్షిస్తుంటే లోకల్‌హోస్ట్ బదులు 127.0.0.1 వాడండి. ఎక్స్ వాళ్లు చెప్పేది కూడా అదే. ఇవన్నీ సరిగ్గా ఉంటే, స్టేట్ (వచ్చిన జవాబు మీ అభ్యర్థనకే అని తేల్చే గుర్తు), కోడ్ ఛాలెంజ్ (దీని సంగతి కింద చెప్తాను) అనే రెండు విలువలు పంపుతున్నారో లేదో చూడండి. సభ్యుడు ‘ఆథరైజ్’ నొక్కాక మీ యాప్‌కు వచ్చే తాత్కాలిక కోడ్‌కు (దీన్ని ఇచ్చే టోకెన్ తీసుకోవాలి) గడువు 30 సెకన్లే. మధ్యలో డీబగ్గర్‌తో (తప్పులు వెతికే సాధనంతో) ప్రోగ్రామ్ ఆపి తీరిగ్గా చూస్తే అది చచ్చిపోతుంది.

కోడ్ ఛాలెంజ్‌ను తేలిగ్గా తీసుకోకండి. మీ యాప్ ముందుగా ఒక రహస్య పదాన్ని యాదృచ్ఛికంగా తయారుచేసుకుని, దాని ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్‌ను (వెనక్కి తిప్పి అసలు పదం కనుక్కోలేని ముద్రను) మాత్రమే పంపుతుంది. కోడ్ ఇచ్చి టోకెన్ తీసుకునేటప్పుడు అసలు పదం చూపిస్తుంది. దారిలో ఎవరైనా కోడ్ కాజేసినా ఆ పదం తెలియదు కాబట్టి టోకెన్ రాదు. పిక్సీ అని పిలిచే ఈ పద్ధతి 2015లో ప్రమాణంగా వచ్చింది. మొబైల్ యాప్‌లో క్లయింట్ సీక్రెట్ (యాప్‌కు ఇచ్చే రహస్య తాళం) దాచడం అసాధ్యం కనుకే ఇది పుట్టింది. దయచేసి ఆ సీక్రెట్‌ను గిట్‌హబ్‌లోకి ఎక్కించకండి.

రెండు గంటల సంగతి మీ తప్పు కాదు. ఎక్స్ ఇచ్చే యాక్సెస్ టోకెన్ ఆయుష్షే అంత. అనుమతులు అడిగేటప్పుడు ‘ఆఫ్‌లైన్ యాక్సెస్’ అనే స్కోప్ (అనుమతి పరిధి) కూడా చేర్చండి, రిఫ్రెష్ టోకెన్ వస్తుంది. దాంతో కొత్త యాక్సెస్ టోకెన్ తెచ్చుకోవచ్చు. ప్రతిసారీ రిఫ్రెష్ టోకెన్ కూడా మారుతుంది, కొత్తది దాచుకోకపోతే మళ్లీ మొదటికే. ఇప్పటికే అనుమతి ఇచ్చిన సభ్యులు ఇంకోసారి ఇవ్వాలి, పాత టోకెన్‌కు కొత్త స్కోప్ అంటుకోదు. ఎక్స్ 2023లో ఏపీఐ వాడకం నియమాలను బాగా బిగించింది. ఫెస్ట్‌కు ముందే మీ యాప్‌కు ఎన్ని పోస్టులకు వీలుందో చూసుకోండి.

ప్రశ్న: ‘మీ ప్రొఫైల్ ఎవరు చూశారు’ అనే యాప్‌కు నా ఎక్స్ ఖాతా కలిపాను. ఇప్పుడు నా పేరుతో ప్రకటనలు వెళ్తున్నాయి. పాస్‌వర్డ్ మార్చినా ఆగలేదు.
– ఉపాధ్యాయురాలు, నిజామాబాద్

జవాబు: ఆ యాప్ దగ్గర ఉన్నది మీ పాస్‌వర్డ్ కాదు, టోకెన్. పాస్‌వర్డ్ మార్చితే ఎక్స్‌లో అది రద్దు కాదు. సెట్టింగ్స్‌లో ‘సెక్యూరిటీ అండ్ అకౌంట్ యాక్సెస్’, అక్కడ ‘యాప్స్ అండ్ సెషన్స్’, అందులో ‘కనెక్టెడ్ యాప్స్’ తెరవండి. ఆ యాప్ పేరు నొక్కి అనుమతి తీసేయండి. గుర్తుపట్టలేని వేరే పేర్లుంటే వాటినీ తీసేయండి.

మీరు అమాయకంగా మోసపోయారని బాధపడొద్దు. 2017 మే 3న ‘గూగుల్ డాక్స్’ అనే పేరు పెట్టుకున్న నకిలీ యాప్ ఒకటి మెయిళ్ల ద్వారా పాకింది. కనిపించింది నిజమైన గూగుల్ అనుమతి పేజీయే, పాస్‌వర్డ్ ఎవరూ అడగలేదు. ‘అలౌ’ నొక్కినవారి కాంటాక్టులందరికీ అదే మెయిల్ వెళ్లింది. మీ ఒక్క అనుమతి ఇతరులకూ తగులుతుంది: ఒక క్విజ్ యాప్ ద్వారా ఫేస్‌బుక్ ఖాతాదారుల సమాచారం చేజారిన కేంబ్రిడ్జ్ అనలిటికా వ్యవహారంలో ఫేస్‌బుక్ చెప్పిన లెక్క ప్రకారం, ఆ క్విజ్ యాప్‌ను భారత్‌లో పెట్టుకున్నది 335 మంది, సమాచారం చేజారి ఉండొచ్చన్నది 5,62,455 మందిది. ఈసారి అనుమతి పేజీ వచ్చినప్పుడు ‘మీ తరఫున పోస్టు చేయగలదు’ అనే వాక్యం ఉందా అని చదవండి. ఎవరు చూశారో చెప్పడానికి పోస్టు చేసే హక్కు ఎందుకు?

ప్రశ్న: ‘గూగుల్‌తో లాగిన్’ నొక్కితే ఆ సైటుకు నా పాస్‌వర్డ్ తెలుస్తుందా?
– పాఠకుడు, డాలస్

జవాబు: తెలియదు. మామూలుగా పేరు, ఈమెయిల్, ఫొటో మాత్రమే వెళ్తాయి. పాస్‌వర్డ్ టైపు చేసేముందు అడ్రస్ బార్‌లో అకౌంట్స్.గూగుల్.కామ్ ఉందో లేదో చూడండి. అడ్రస్ బారే లేకుండా యాప్ లోపలే పేజీ తెరుచుకుంటే టైపు చేయకండి.