వేసవి సెలవుల్లో పిల్లలతో పెరట్లో ఏం చేయొచ్చు? మేం చేసింది ఇది

ఏడేళ్ల బాబు, పదేళ్ల పాప, ఇంటి వెనక నాలుగు మంచాలు పట్టేంత చోటు. సెలవుల్లో వాళ్ల చేత ఫోన్ పక్కన పెట్టించి అక్కడ ఏదైనా చేయించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని ఒకరు అడిగారు. మాదీ అంతే పెరడు. మా పాపకి తొమ్మిది, బాబుకి ఆరు నిండిన ఏడాది వేసవంతా మేం అక్కడే గడిపాం. ఆ అనుభవంతో చెబుతున్నాను: పెరట్లో కొంత మేర పురుగులకీ పిట్టలకీ వదిలేయండి. విత్తనాలు మా పిల్లల్ని నాలుగు రోజులు నిలబెట్టాయి. ఆ మొక్కల మీదికి వచ్చిన ప్రాణులు మళ్లీ బడి తెరిచేదాకా వదల్లేదు.

మొదట చెరో మడి ఇచ్చాం. పక్కన కూర్చుని చెయ్యి చాపితే అవతలి అంచు అందేంత వెడల్పు చాలు, మొక్కల్ని తొక్కాల్సిన పని ఉండదు. బాబుకి ముల్లంగి గింజలు ఇచ్చాను. మూడు నుంచి ఐదు రోజుల్లో మొలుస్తాయి, నెల తిరిగేసరికి పీకొచ్చు. ఆరేళ్ల వయసుకి అంతకంటే ఎక్కువ ఎదురుచూడటం కష్టం. పాప గుమ్మడి అడిగింది. మట్టిలో జరిగేది కనబడదు కదా అని ఒక బీన్స్ గింజని గాజు గ్లాసు గోడకీ తడిగుడ్డకీ మధ్య ఇరికించి కిటికీలో పెట్టాం. వేరు వచ్చాక గ్లాసుని పక్కకి పడుకోబెడితే ఒకటి రెండు రోజుల్లోనే వేరు కొస మళ్లీ నేల వైపు తిరిగింది. బాబు దాన్ని ఎన్నిసార్లు తిప్పి చూశాడో లెక్కలేదు.

ఇక అసలు సంగతి. మా నిమ్మ మొక్క ఆకుల మీద పిట్ట రెట్టలాంటివి కనిపించాయి. కడిగేద్దామని నీళ్లు తెస్తుంటే పాప ఆపింది: "అమ్మా, అది కదులుతోంది!" సీతాకోకచిలుక గొంగళి పురుగు అది. చిన్నప్పుడు అలా రెట్టలా కనిపిస్తే పిట్టలు ముట్టవు. పెరిగాక ఆకుపచ్చగా మారి ఆకుల్లో కలిసిపోతుంది. పుల్లతో మెల్లగా తాకితే తల వెనక నుంచి నారింజ రంగు కొమ్ముల జత బయటికి తీసి ఘాటైన వాసన వదులుతుంది. ఆ వాసన కోసం పిల్లలు మాటిమాటికీ తాకబోతుంటే రోజుకి ఒక్కసారే అని కట్టడి చేయాల్సి వచ్చింది. పాపం, దానికి అది బెదురు.

మొక్క చిన్నది, పురుగులు ఏడు. వారంలో సగం ఆకులు పోయాయి. మా ఆయన వాటిని తీసేద్దామన్నారు. నాకూ మనసు పీకింది, ఎందుకంటే ఆ మొక్కని నేను రెండేళ్లుగా పెంచుతున్నాను. చివరికి పిల్లల మొహాలు చూసి వదిలేశాం. వాటిలో రెండింటిని ఏవో ఎత్తుకుపోయాయి, రెండు ఎటు వెళ్లాయో తెలియలేదు. మూడు మాత్రం కొమ్మకి తోక ఆనించి, నడుముకి సన్నని పట్టుదారం కట్టుకుని గూళ్లుగా మారాయి. ఒకటి నల్లబడి ఎండిపోయి, దాంట్లోంచి చిన్న కందిరీగలాంటిది బయటికి వచ్చింది. గొంగళి పురుగు ఒంట్లో గుడ్లు పెట్టే రకం అది. బాబు ఆ రోజు ఏడ్చాడు. నేను ఏదీ కప్పిపుచ్చలేదు, ఉన్నది ఉన్నట్టే చెప్పాను. మిగతా రెండూ ఒకే పొద్దున విచ్చుకున్నాయి. బయటికి వచ్చినప్పుడు రెక్కలు తడిగుడ్డలా ముడుచుకుని ఉంటాయి. ఒంట్లోని ద్రవాన్ని వాటిలోకి నెట్టి విప్పుకుని, ఆరేదాకా వేలాడుతూ ఉంటాయి. దాదాపు గంటన్నర నలుగురం కదలకుండా కూర్చున్నాం. ఆ సమయంలో రెక్కల్ని ముట్టుకోనివ్వకండి, వంకరపోతే ఇక ఎగరలేవు. మా నిమ్మ మొక్క నెల తిరిగేలోపే మళ్లీ చిగుర్లు వేసింది.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. బీన్స్ తీగకి పేనుబంక, అంటే మొక్క రసం పీల్చే బుల్లి పురుగులు, పట్టిందని సబ్బునీళ్లు కొట్టాను. వాటి మధ్య ముళ్లముళ్లుగా, బుల్లి మొసలిలా పాకుతున్న నల్లటి పురుగుల్ని కూడా చీడే అనుకుని తడిపేశాను. పాప తర్వాత ఒక పుస్తకంలో బొమ్మ చూపించింది: అవి ఎర్రరెక్కల మీద నల్లచుక్కలుండే అక్షింతల పురుగుల పిల్లలు, పేనుబంకని తినేవి! చాలా బాధపడ్డాను. అప్పటినుంచి ఏదైనా కొట్టే ముందు ఇద్దరం ఆకు తిప్పి చూస్తాం. పేనుబంక చుట్టూ చీమలు తిరుగుతుంటే అవి తినడానికి రాలేదు, అది వదిలే తియ్యటి రసం కోసం దాన్ని కాపలా కాస్తున్నాయి. ఇది తెలిశాక మా పిల్లలు చీమల వెంట తీగ మొదలు దాకా వెళ్లిపోయేవాళ్లు.

గుమ్మడి పాదు పిల్లల్ని పొద్దున్నే లేపింది. పువ్వులు తెల్లవారుతూనే విచ్చుకుని ఎండ ముదిరేసరికి వాలిపోతాయి. ఆడపువ్వు కింద చిన్న పిందె ఉంటుంది, మగపువ్వుది ఉత్త కాడ. మొదట్లో మగపువ్వులే పూస్తాయి, కంగారుపడొద్దు. మాకు తొలి పిందెలు పసుపుబారి రాలిపోయాయి, తేనెటీగలు సరిగా రాలేదు మరి. మగపువ్వు కోసి రేకులు తీసేసి, పుప్పొడి ఆడపువ్వు మధ్యలో అద్దడం పాపకి నేర్పాను. మూడో ప్రయత్నంలో పిందె నిలిచింది. రోజూ దారంతో దాని చుట్టుకొలత తీసి ఆ దారాల్ని గోడకి వరసగా అతికించింది.

పక్కనే వెడల్పాటి మట్టిమూకుడులో రెండంగుళాల లోతుకి మించకుండా నీళ్లు, తేనెటీగలు వాలడానికి రెండు రాళ్లు పెట్టాం. నీళ్లు రోజూ మార్చాలి, లేకపోతే దోమలు పెరుగుతాయి. అది బాబు పని. పిచ్చుకలు స్నానానికి రావడానికి ఆరు రోజులు పట్టింది. కొన్ని రాత్రులు తీగ మీద తెల్లదుప్పటి ఆరేసి వెనక దీపం పెట్టి ఏ చిమ్మటలు వస్తాయో చూసేవాళ్లం, అరగంటకి ఆర్పేస్తే అవి వాటి దారిన పోతాయి. తొట్టిలో నీళ్లు పోసి ఆడనిస్తే పక్కనే పెద్దవాళ్లు ఉండాలి, అయ్యాక తొట్టి బోర్లించేయాలి. ఎండుటాకుల కుప్పల్లో, రాళ్ల సందుల్లో చేతులు పెట్టనివ్వకండి. మిట్టమధ్యాహ్నం ఇంట్లోనే ఉండనివ్వండి, చూసినవన్నీ బొమ్మలు గీసుకోవడానికి అదే సమయం.

మీ పెరట్లో నిమ్మజాతి మొక్క ఉంటే ముందు దాని లేత చిగుర్లు చూడండి. ఆవగింజంత లేతపసుపు గుండ్రటి గుడ్డు కనిపించిందా, మొదటి మూడు వారాలకి మీకు ఇంకేమీ అక్కర్లేదు.