ఆర్కిడ్ తేనెటీగల మోజు: నీట్ వద్దంటున్న అమ్మాయికి దారి ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ. మాది నూజివీడు దగ్గర పల్లె, మామిడి తోట ఉంది. ఆర్కిడ్ తేనెటీగల వీడియోలు చూసి, నీట్ రాయనని, పూల వాసనల మీద, తేనెటీగల మీద పరిశోధన చేస్తానని పట్టుబట్టింది. కెమిస్ట్రీ అంటే మాత్రం విసుక్కుంటుంది. ఇందులో ఉద్యోగాలుంటాయా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఒక సంగతి. ఆ తేనెటీగలు మన దేశంలో లేవు. రెండు వందలకు పైగా ఉన్న ఆ జాతుల సొంత ఊరు మెక్సికో నుంచి అర్జెంటీనా దాకా ఉన్న అడవులు. వాటి మీదే పని చేయాలంటే ఎప్పటికైనా పనామాకో బ్రెజిల్‌కో వెళ్లాలి. అది పీహెచ్‌డీ నాటి మాట, ఇప్పుడే దిగులు పడక్కర్లేదు.

నాకు దిగులల్లా ఆ కెమిస్ట్రీ విసుగు గురించే. ఎందుకంటే, మీ అమ్మాయికి నచ్చిన ఆ ఈగ చేసే పనంతా కెమిస్ట్రీయే. పచ్చగా మెరిసే మగ ఈగ ఆర్కిడ్ పువ్వు మీద వాలుతుంది. అక్కడ తేనె ఉండదు. తల గ్రంథుల్లోంచి వచ్చే నూనెలాంటి పదార్థాన్ని పువ్వు మీద పూస్తుంది. వాసన అందులో కలిశాక ముందుకాళ్ల కుచ్చులతో అద్దుకుని, గాల్లో ఒకచోటే ఎగురుతూ, నడిమి కాళ్ల మీదుగా వెనకకాళ్ల సంచుల్లో దాచుకుంటుంది. మల్లెపూలతో నువ్వులకు వాసన పట్టించి నూనె తీసినట్టే. ఇలా రోజుల తరబడి పోగేసిన పరిమళాన్ని జత కట్టే వేళ వెదజల్లుతుంది. ఈలోగా ఆర్కిడ్ తన పుప్పొడి ముద్దను దాని ఒంటికి అంటించి పంపుతుంది. పువ్వుకు కావలసింది అదే.

1960లలో డాడ్సన్, డ్రెస్లర్ అనే శాస్త్రవేత్తలు, వారి సహచరులు ఈ పూల వాసనల్లో ఏమేం ఉన్నాయో విడదీసి, ఒక్కో రసాయనాన్నీ అద్దుడు కాగితం మీద వేసి అడవిలో పెట్టారు. పువ్వు లేదు, రంగు లేదు, అయినా మగ ఈగలు వచ్చి వాలాయి. నీలగిరి తైలంలోని సినియోల్, నొప్పుల బామ్‌లో ఉండే మిథైల్ సాలిసిలేట్ వాటికి మహా ఇష్టం. స్కాటోల్ కూడా ఇష్టమే. అది మలానికి ఆ దుర్వాసన తెచ్చే పదార్థం! ఎవరి అత్తరు వారిది మరి.

ఇదంతా అమెరికా ఖండం ముచ్చట అనుకోకండి. పండు ఈగ కోసం మామిడి తోటల్లో కట్టే ఎర బుట్టలు చూసే ఉంటారు. అందులో ప్లైవుడ్ ముక్కకు పట్టించే మందులో మిథైల్ యూజినాల్ ఉంటుంది. మగ పండు ఈగలు ఆ వాసన పదార్థాన్ని తిని, తమ ఒంట్లో మార్చుకుని ఆడ ఈగలను పిలవడానికి వాడతాయి. మలేసియాలో కొన్ని ఆర్కిడ్లు ఇదే వాసనతో ఈ మగ ఈగలను రప్పించి పరాగ సంపర్కం జరిపించుకుంటాయి. ఈ ఆకర్షణ సంగతి మొదట తేలింది కూడా మన దేశంలోనే. బీహార్‌లోని పూసాలో పనిచేసిన కీటక శాస్త్రవేత్త హౌలెట్, దోమలు రాకుండా సిట్రోనెల్లా నూనె వాడిన ఒకాయన చుట్టూ మగ పండు ఈగలు మూగడం గురించి 1912లో రాశారు. అసలు కారణం మిథైల్ యూజినాల్ అని తర్వాత తేల్చారు.

పామాయిల్ సంగతీ ఇంతే. ఆఫ్రికాలోని కామెరూన్ నుంచి ఒక చిన్న ముక్కు పురుగును 1981లో మలేసియాకు తెచ్చారు. అంతకుముందు అక్కడ కూలీలతో పుప్పొడి చల్లించేవారు. సోంపు వాసనలాంటి పూల వాసనకు ఆ పురుగే వెతుక్కుంటూ వస్తుంది. ఇప్పుడు మన గోదావరి జిల్లాల తోటల్లోనూ పరాగ సంపర్కం దాని చలవే. ఆయిల్ పామ్ జాతీయ పరిశోధన సంస్థ మీకు దగ్గర్లోనే, ఏలూరు పక్కన పెదవేగిలో ఉంది. ఒకసారి అమ్మాయిని తీసుకెళ్లి చూపించండి.

ఇక చదువు. నా ఓటు బీఎస్సీ ఆనర్స్ అగ్రికల్చర్‌కు, లేదంటే హార్టికల్చర్‌కు. ఈఏపీసెట్ రాయాలి. రైతు కోటా ఉంటుంది కాబట్టి ఆ ఏడాది ప్రకటన చదివి, పొలం కాగితాలు ముందే సిద్ధం చేసుకోండి. తర్వాత కీటక శాస్త్రంలో ఎమ్మెస్సీ. పరిశోధన కుదరకపోయినా వ్యవసాయాధికారి పోస్టులు, విత్తన, పురుగుమందుల కంపెనీలు, ఫెరోమోన్ (పురుగులు జతను పిలిచే వాసన) ఎరలు తయారు చేసేవాళ్లు ఉన్నారు. కుదిరితే బెంగళూరులో వ్యవసాయ కీటకాల జాతీయ సంస్థ ఉండనే ఉంది.

రెండో దారి తిరుపతి ఐసర్ (కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యా పరిశోధన సంస్థ) లాంటి చోట ఐదేళ్ల బీఎస్-ఎంఎస్. శుద్ధ పరిశోధనకు ఇదే మేలు. కానీ ప్రవేశ పరీక్షలో 60 ప్రశ్నలకు 15 మ్యాథ్స్‌వి. బైపీసీ పిల్లలు అక్కడే దెబ్బతింటారు. ఇప్పటి నుంచి రోజూ గంట మ్యాథ్స్‌కు కూర్చోగలిగితేనే ఇటు చూడండి.

డబ్బు సంగతి దాచను. పీహెచ్‌డీలో చేరి జేఆర్ఎఫ్ అనే పరిశోధక ఫెలోషిప్ తెచ్చుకుంటే నెలకు 37,000 రూపాయలు, పైన ఇంటి అద్దె భత్యం వస్తాయి. అయితే స్థిరమైన ఉద్యోగం చేతికొచ్చేసరికి ముప్పై ఏళ్లు దాటవచ్చు. డాక్టర్ చదువుకూ ఇంచుమించు అన్నేళ్లు పడుతుంది. కాకపోతే అక్కడ బంధువులెవరూ మధ్యలో ప్రశ్నలడగరు.

తల్లీ, ఇది నీకు. ప్రయోగశాలలో ఈగ మీసాన్ని సన్నని తీగలకు కలిపి, పూల వాసనను యంత్రంలో భాగాలుగా విడదీసి ఒక్కోటే దాని మీదికి వదులుతారు. ఏ భాగానికి మీసం స్పందిస్తే తెర మీద గీత అక్కడ లేస్తుంది. ఆ గీత ఏ రసాయనానిదో చెప్పాలంటే, ఇప్పుడు నువ్వు పక్కన పడేసిన ఆర్గానిక్ కెమిస్ట్రీ పుస్తకమే దిక్కు. ఈ ఏడాది దాన్ని వదలకు. మామిడి కాయ పక్వానికి వచ్చే రోజుల్లో గుప్పెడు తులసి ఆకులు (వాటిలోనూ మిథైల్ యూజినాల్ ఉంటుంది) నలిపి తోటలో ఒకచోట పెట్టు, ఇంకోచోట ఏదైనా మామూలు ఆకు. ఎక్కడికి ఎన్ని పండు ఈగలు, ఏ వేళకు వచ్చాయో నోట్ బుక్‌లో రాసి పెట్టుకో. ఇంటర్వ్యూలో వీడియోల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు, ఇలాంటి నోట్ బుక్ తెచ్చేవాళ్లు తక్కువ.