పగటి నొప్పికి గంజాయి మందు, ఏం చూసుకోవాలె?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా తమ్ముడు అమెరికాల కొలరాడో రాష్ట్రంల ఉంటడు, పొద్దంత కంప్యూటర్ ముంగట కూసునే పని, నడుము నొప్పి. షాపుల హార్లెక్విన్ అనే గంజాయి రకం ఇచ్చిన్రట, మబ్బు లేకుండ నొప్పి తగ్గుతదట. మంచిదేనా? సంక్రాంతికి వచ్చేటప్పుడు నా మోకాళ్లకు కూడ తెస్తనంటున్నడు.
– ఒక అక్క, హన్మకొండ

జవాబు: అక్కా, ముందుగాల తేవద్దని చెప్పు. మన దగ్గర 1985 ఎన్‌డీపీఎస్ (మత్తు పదార్థాల) చట్టం ప్రకారం గంజాయి దగ్గర ఉంటేనే నేరం, అక్కడి డాక్టర్ చీటీ శంషాబాద్ ఎయిర్‌పోర్టుల పనికిరాదు.

ఇగ తమ్ముని సంగతి. పేరు చూసి నమ్మొద్దు, అదే పేరుతోటి రెండు షాపుల కొన్నా సరుకు వేరే ఉండొచ్చు, గంజాయిల సటైవా జాతి అంటే హుషారు, ఇండికా జాతి అంటే నిద్ర అనే లెక్క కూడ గట్టిది కాదు. గంజాయిల ఉండే రెండు ముఖ్య పదార్థాలు టీహెచ్‌సీ, సీబీడీ; డబ్బా మీద ఏది ఎంత అనేది చూడాలె. మత్తు ఎక్కించేది టీహెచ్‌సీ, సీబీడీ అట్ల మత్తు ఎక్కియ్యది; పగటి పూటకు అది తక్కువుండి సీబీడీ ఎక్కువున్నది నయం, హార్లెక్విన్‌కు ఆ పేరుంది. నొప్పి మొత్తం పోతదనుకోవద్దు, తగ్గితే కొంత తగ్గుతది.

మొదటిసారి సెలవు రోజే, అది కూడ కొంచెమే. నోట్‌బుక్కుల రాసుకోమను: 10 గంటలకు నొప్పి పదికి 7, మధ్యాహ్నం 4, తల బరువు, నోరు ఎండుడు, ఇట్ల. తినే రకమైతే ఎక్కడానికి 2 గంటలు కూడ పట్టొచ్చు, ఏం కాలేదని ఇంకోటి వేసుకుంటేనే ఆగమైతరు. ఆ రోజు కారు ముట్టొద్దు. రక్తం గడ్డకట్టకుండ వాడే వార్ఫరిన్ మందు వేసుకుంటుంటే డాక్టర్‌కు చెప్పకుండ అసలే వద్దు, సీబీడీ దాని బలం పెంచుతది.

నీ మోకాళ్లకు ముందు ఆర్థో డాక్టర్‌కు చూపెట్టుకో అక్కా.