దొన్నెలా వంగిన పలకలు, 70 వేల రాజీ కాగితం

ప్రశ్న: సార్, మాది తిరుపతి, అవిలాల చెరువు వైపు, గ్రౌండ్ ఫ్లోరు ఇల్లు. పాత టైల్స్ తీసేసి హాలుకీ పెద్ద బెడ్‌రూముకీ ఉడ్ ఫ్లోరింగ్ వేయించాం. 600 చదరపు అడుగులు, అడుగు 550 చొప్పున 3,30,000. కాంట్రాక్టరు మా బావమరిదికి స్నేహితుడు. శ్రావణంలో ముహూర్తం ఉందని, కొత్త కాంక్రీటు బెడ్డు పోసిన పద్నాలుగో రోజునే పలకలు పరిచేశారు. కార్తీక మాసం వానలకి పలకల అంచులు పైకి లేచాయి, నడుస్తుంటే కిర్రుమంటున్నాయి. మా అమ్మకి 74 ఏళ్ళు, ఒకసారి కాలు తట్టుకుని పడబోయింది. ఇప్పటికి 2,90,000 ఇచ్చాం. అందులో 60,000 నగదు, మిగిలింది ఫోన్‌పే, బ్యాంకు. ఇంకా 40,000 ఇవ్వాలి. బిల్లు లేదు. దీనికోసం 13 శాతానికి 3 లక్షల పర్సనల్ లోన్ తీసుకున్నాను, మూడేళ్ళు, నెలకి 10,100. కాంట్రాక్టరేమో గృహప్రవేశం రోజు మీరు నీళ్ళు పోశారు, రోజూ తడిగుడ్డ పెడుతున్నారు, తప్పు మీదే అంటున్నాడు. చివరికి 70,000 వెనక్కిస్తాను, ఇక ఏ గొడవా లేదని సంతకం పెట్టమంటున్నాడు. లేదంటే 45,000 ఇస్తే సాండింగ్ చేసి మళ్ళీ పాలిష్ పెడతాడట. మా అల్లుడు మాత్రం చీటీ పాడేసి అంతా పీకించి టైల్స్ వేసేద్దాం అంటున్నాడు. లోన్ కట్టడం ఆపేయాలన్నంత కోపం వస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు చివరి మాటకి జవాబు చెబుతాను. లోన్ ఆపకండి. బ్యాంకు మీకు డబ్బిచ్చింది, పలకలు పరచలేదు. రెండు వాయిదాలు కట్టకపోతే కాంట్రాక్టరుకి పోయేదేమీ లేదు, మీ సిబిల్ స్కోరు పోతుంది.

ఇక పలకల సంగతి. డబ్బు లెక్క మొత్తం దాని మీదే నిలబడి ఉంది కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి. మనం కడపరాయి మీద పాకి పెరిగినవాళ్ళం. శుక్రవారం వస్తే బిందెతో నీళ్ళు పోసి కడిగే అలవాటు మనది. కాంట్రాక్టరుకి అది తెలుసు, అందుకే తడిగుడ్డ మాట ముందే అందుకున్నాడు. కానీ నీళ్ళు పైనుంచి పడితే చెక్క పాడయ్యే తీరు వేరు, కిందినుంచి తేమ ఎక్కితే పాడయ్యే తీరు వేరు. పైన నీళ్ళు నిలిస్తే ఆ చుట్టుపక్కలే ఉబ్బుతుంది. హోమగుండం పెట్టిన చోటో, వంటింటి గడప దగ్గరో. కిందినుంచి తేమ వస్తే మంచం కింద, బీరువా పక్కన, ఎవరూ అడుగుపెట్టని మూలన కూడా ప్రతి పలకా దొన్నెలా అంచులు లేచి మధ్యలో పల్లమవుతుంది. పలక అడుగుభాగం తేమ పీల్చి సాగుతుంది, పైభాగం సాగదు, అందుకే ఆ వంపు. మీ ఇంట్లో ఏది జరిగిందో ఈరోజే మంచం జరిపి చూడండి. మీరు రాసిన తీరు చూస్తే రెండోదే అనిపిస్తోంది.

ఎందుకంటే కాంక్రీటు బెడ్డు అంగుళం మందం ఆరడానికి ఉరామరిగా నెల పడుతుంది. రెండంగుళాల బెడ్డు అయితే రెండు నెలలు, వానాకాలంలో ఇంకా ఎక్కువ. పద్నాలుగు రోజులకి పైకి పొడిగా కనిపిస్తుంది, లోపల తడి అలాగే ఉంటుంది. పైగా మీది గ్రౌండ్ ఫ్లోరు, చెరువు వైపు నేల. పలకల కింద ఫోమ్ షీటు ఒక్కటే వేశారా, తేమని ఆపే పాలిథిన్ షీటు కూడా వేశారా? గోడల వెంట 10 నుంచి 12 మిల్లీమీటర్ల సందు వదిలారా? గోడ అడుగున ఉండే పట్టీ, అదే స్కర్టింగ్, ఒక చోట ఊడదీస్తే కనిపిస్తుంది. పరిచే ముందు తేమ మీటరు పెట్టి చూశాడా? చూడకపోతే అది పనిలో లోపం. వినియోగదారుల చట్టం భాషలో చెప్పాలంటే సేవా లోపం.

మీ వైపూ ఒక బలహీనత ఉంది, దాచను. ముహూర్తానికి ఎలాగైనా అయిపోవాలని మీరు వాట్సాప్‌లో పెట్టే ఉంటారు. అతను అదే చూపిస్తాడు. తొందర మీదే కావచ్చు, కానీ ఇంత తొందరగా వేస్తే చెక్క లేస్తుందని చెప్పాల్సింది పని తెలిసిన మనిషి. అలా రాతపూర్వకంగా హెచ్చరించాడా? లేదనుకుంటాను. ఇక బిల్లు వద్దనుకుని 18 శాతం జీఎస్టీ, అంటే 59,400 మిగిలిందని అప్పట్లో సంతోషించి ఉంటారు. ఆ కాగితం ఇప్పుడు మీ చేతిలో ఉంటే అతని గొంతు ఇంత లేచేది కాదు. అయినా భయపడకండి. 2,30,000 బ్యాంకు లెక్కల్లో కనిపిస్తోంది, తెల్లకాగితం కొటేషన్, చాట్ ఉన్నాయి. బిల్లు లేనంత మాత్రాన మీరు వినియోగదారులు కాకుండా పోరు. ఆ చాట్ మాత్రం డిలీట్ చేయకండి, ఫోన్ మార్చకండి.

సాండింగ్‌కి 45,000 అన్నాడు చూడండి, అది మాత్రం అస్సలు వద్దు. తడి మీద ఉన్న పలకల లేచిన అంచుల్ని గీకేస్తే ఇవాళ నేల చదునుగా కనిపిస్తుంది. ఏప్రిల్, మే ఎండలకి పలక ఆరి అడుగుభాగం ముడుచుకున్నప్పుడు, గీకేసిన అంచులు కిందికి దిగి మధ్యభాగం ఉబ్బెత్తుగా నిలుస్తుంది. 45,000 పోతాయి. పైగా పాత లోపానికి సాక్ష్యం కూడా మీ డబ్బుతోనే చెరిపేసినట్టవుతుంది. మన తిరుపతి ఎండని ఇలాంటి చోట వాడుకోవాలి. కిటికీలు తెరిచి, ఫ్యాన్లు వేసి, తడిగుడ్డ మానేసి ఎండాకాలం దాకా ఆరనివ్వండి. కొన్ని పలకలు వాటంతట అవే కొంత సర్దుకుంటాయి. ఈలోగా అమ్మగారిని టైల్స్ ఉన్న గదిలోకి మార్చండి, ఇది డబ్బు కంటే ముందు చేయాల్సిన పని.

అల్లుడు చెప్పినట్టు అంతా పీకించడం కూడా ఇప్పుడు వద్దు. పలకలు పీకితే మీ కేసు కూడా చెత్తబండిలో వెళ్ళిపోతుంది. ముందు ఒక సివిల్ ఇంజినీరుని పిలిపించి, ఆయన సమక్షంలో రెండు పలకలు మాత్రమే ఎత్తించండి. అడుగున నల్లబడిందా, షీటు ఉందా, బెడ్డులో తేమ ఎంత అని ఆయన తేదీతో రాసి సంతకం పెట్టాలి. ఎత్తిన పలకలు దాచండి. ఇంకొక చిట్కా, ఇది చాలామందికి తట్టదు. పలకలొచ్చిన అట్టపెట్టెలు ఇంకా మిద్దె మీద ఉంటే వాటి మీద బ్యాచ్ నంబరు ఉంటుంది. తయారీ కంపెనీకి వారంటీ కింద ఫిర్యాదు పెట్టండి. వాళ్ళు మనిషిని పంపి చూసి, సరుకులో లోపం లేదు, పరిచిన తీరులో లోపం అని రాసిచ్చే అవకాశం ఎక్కువ. కంపెనీ తన మీద నుంచి దులుపుకోవడానికి రాసే ఆ కాగితమే కాంట్రాక్టరు మీద మీకు గట్టి ఆధారం.

ఇప్పుడు 70,000 రాజీ. ఆ కాగితంలో మిగిలిన 40,000 గురించి ఏముంది? మాఫీ అని రాసుంటే మీకు దక్కేది 1,10,000. ఏమీ రాయకపోతే రేపు ఆ 40,000 తెమ్మని అడగొచ్చు, అప్పుడు మిగిలేది 30,000. ఒక్క వాక్యంలో 80,000 తేడా ఉంది. సంతకం పెట్టేముందు ఆ వాక్యం వెతకండి.

న్యాయంగా అయితే మొత్తం 2,90,000 రావాలి. కానీ రాజీకి కూర్చునేటప్పుడు నేను వేసుకునే లెక్క ఇది. కేసు వేస్తే గెలిచే అవకాశం, మీ కాగితాలు చూసి, నూటికి 60 అనుకుంటున్నాను. ఇది నా అంచనా మాత్రమే. 2,90,000లో 60 శాతం 1,74,000. ఇంజినీరు, నోటీసు, తిరుగుళ్ళ ఖర్చు 20,000 తీసేస్తే సుమారు 1,54,000. కాబట్టి 40,000 మాఫీ చేసి, పైన లక్షన్నర చేతిలో పెడితే రాజీపడండి. 70,000కి పడకండి. పీకించి మామూలు టైల్స్ వేయించుకోవడానికే, పాత పలకలు తీసే కూలితో కలిపి, అడుగుకి 150 లెక్కన 90,000 అవుతుంది. అతనిచ్చేది దానికే చాలదు, చెక్కకి పెట్టిన డబ్బు మాట సరేసరి.

ఇంజినీరు రిపోర్టు రాగానే నోటీసు పంపండి. 40,000 ఎందుకు ఆపారో కూడా అందులో రాయండి, లేకపోతే డబ్బెగ్గొట్టారని అతనే కథ చెబుతాడు. స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు రుజువు దాచుకోండి. పదిహేను రోజులు చూసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. అక్కడా కదలకపోతే తిరుపతిలోనే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మీరు నివసించే చోటే వేయొచ్చు, అతను ఏ ఊరివాడైనా. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. 2019 చట్టం ప్రకారం లోపం బయటపడిన దగ్గరి నుంచి రెండేళ్ళ గడువు ఉంది. తేమ పరీక్షల్లాంటివి అవసరమైన కేసు ఐదు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. తేలదు, ఏడాది పైనే అనుకోండి.

బావమరిది మొహమాటం వల్ల కేసుకి మనసొప్పకపోతే ఇంకో దారి ఉంది. కోర్టులో ఉండే న్యాయ సేవాధికార కమిటీ దగ్గర కేసు వేయకముందే లోక్ అదాలత్‌కి అర్జీ పెట్టుకోవచ్చు. ఫీజు ఉండదు. ఇద్దరూ ఒప్పుకుంటే అక్కడ రాసిన రాజీకి కోర్టు డిక్రీ విలువ ఉంటుంది, అప్పీలు ఉండదు. కాంట్రాక్టరు తెచ్చిన తెల్లకాగితం కంటే, ఇంట్లో కాఫీల మధ్య పెట్టే సంతకం కంటే అదే నయం. బావమరిదిని కూడా ఆరోజు పిలవండి, మధ్యలో నలిగిపోతున్నది ఆయన కూడా. డబ్బు మాత్రం అదే రోజు ఖాతాలో పడాలి. తర్వాతి తేదీ వేసిన చెక్కు (పోస్ట్ డేటెడ్) వద్దు, అది బౌన్సయితే మళ్ళీ ఇంకో కేసు.

చీటీ లెక్క చివర్లో పెట్టాను కానీ అల్లుడికి ముందు ఇదే చూపించండి. మీది 3 లక్షల చీటీ, 30 నెలలు, 17 కట్టారు, పోయిన నెల 52,000 తగ్గించి పాడారని విడిగా రాశారు. అలా పాడితే చేతికొచ్చేది 2,48,000. చివరిదాకా ఆగితే కమీషన్ 15,000 పోను 2,85,000. తేడా 37,000. ఆ చీటీ చిన్నమ్మాయి కాలేజీ ఫీజుకని మీరే రాశారు. అతని తప్పుకి ఆ పిల్ల ఫీజులోంచి 37,000 ఎందుకు కట్టాలి? వేసవి తర్వాత కూడా పలకలు సర్దుకోకపోతే, మీరు రాసిన 1,40,000 ఫిక్సెడ్ డిపాజిట్లోంచి 90,000 తీసి టైల్స్ వేయించుకోండి, అదీ రిపోర్టు చేతికొచ్చాకే. మిగిలిన 50,000 ఎమర్జెన్సీకి ఉంచండి. రాజీ డబ్బు వస్తే ముందు డిపాజిట్ నింపి, మిగిలింది లోన్‌లో పార్ట్ పేమెంట్ చేయండి. ఆరు వాయిదాలు కట్టారు కాబట్టి అసలు సుమారు 2,58,000 ఉంటుంది. పార్ట్ పేమెంట్‌కి బ్యాంకు చార్జీ ఎంతో ముందే అడగండి.

మంచం కింద పలకలు ఎలా ఉన్నాయో చూసి, ఫొటోలు పంపండి. అక్కడ చదునుగా ఉండి గడప దగ్గరే లేచి ఉంటే నేను చెప్పిన 60 శాతం తగ్గుతుంది, లక్షన్నర అంకె కూడా మార్చాల్సి వస్తుంది.