నల్ల బూజు అంటువ్యాధేనా?

సందేహం: షుగర్, కిడ్నీ జబ్బులున్నవారికి వచ్చే ‘ఇన్వేసివ్ మోల్డ్ ఇన్‌ఫెక్షన్’ మీద ఒక ఆసుపత్రి కరపత్రాన్ని తెలుగు చేస్తున్నాను. పాత కరపత్రంలో దీన్ని ‘నల్ల శిలీంద్ర అంటువ్యాధి’ అన్నారు. అలాగే ఉంచవచ్చా? ‘బూజు’ అంటే మరీ నాటుగా ఉంటుందా?

సమాధానం: ఆ మూడు మాటల్లో ఒక్కటీ నిలవదు.

ముందు అక్షరదోషం. ‘శిలీంద్రం’ కాదు, ‘శిలీంధ్రం’. కాళిదాసు మేఘసందేశంలో ఉరుముకు నేల ‘ఉచ్ఛిలీంధ్ర’ అవుతుందన్నచోట ఉన్నది ఈ మాటే. అక్కడ పుట్టగొడుగని కొందరు, కందళి అనే మొక్క అని వ్యాఖ్యాత మల్లినాథుడు అర్థం చెప్పారు. ఇప్పటి పాఠ్యపుస్తకాల్లో ఈస్టు, బూజు, పుట్టగొడుగు అన్నీ శిలీంధ్రాలే. మీ మూలంలో ఉన్నది మోల్డ్, అంటే వాటిలో ఒక్క బూజు. కాబట్టి ‘బూజు’ నాటు మాట కాదు, ఇక్కడ శిలీంధ్రం కంటే కచ్చితమైన మాట. ఈ జబ్బు వైద్యనామం మ్యూకర్‌మైకోసిస్. అందులోని మ్యూకర్ కూడా ‘బూజు పట్టు’ అనే లాటిన్ క్రియ నుంచి వచ్చిందే. ఒక్కటే చిక్కు: మనం దులిపే సాలెగూళ్లూ బూజే. అందుకని మొదటిసారి వాడినప్పుడు ‘రొట్టె మీద పట్టే బూజు వంటిది’ అని విప్పి రాయండి.

ఇక నలుపు. తడి తగిలిన రొట్టె మీద ముందు తెల్లని దూదిపోగులు లేస్తాయి. తర్వాత వాటి కొసల్లో నల్లని చుక్కలు కనిపిస్తాయి, అవి సిద్ధబీజాల (స్పోర్ల) తిత్తులు. రోగి అంగిట్లో కనిపించే నలుపు ఇది కాదు. బూజు పోగులు రక్తనాళాల గోడల్లోకి దూరితే లోపల నెత్తురు గడ్డకడుతుంది. దాంతో రక్తం అందక ఆ మేర కండ చచ్చి, నల్లని పక్కు కడుతుంది. నల్లబడ్డది కండ, బూజు కాదు. ‘బ్లాక్ ఫంగస్’ అన్న పేరు 2021 మేలో చేసిన చేటు ఇంతా అంతా కాదు. ఉల్లిపాయ పొర మీది నల్లమసి వల్లే ఈ జబ్బని వాట్సాప్‌లో ప్రచారం సాగింది. ఉల్లి మీద ఉండేది ఆస్పర్‌జిల్లస్ నైగర్, అది వేరే బూజు. రంగులతో పిలవవద్దని అప్పటి ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా చెప్పారు కూడా. ఇది మాటల పట్టింపు మాత్రమే కాదు: ఆస్పర్‌జిల్లస్‌కు వాడే వోరికొనజోల్ మ్యూకర్ జాతి మీద పనిచేయదు, దానికి ఆంఫోటెరిసిన్ కావాలి. రెంటినీ ‘నల్ల బూజు’ అనేస్తే పొరపాటు మందు దాకా పోతుంది.

అన్నిటికంటే పెద్ద తప్పు ‘అంటువ్యాధి’. ఒకరి నుంచి ఒకరికి వచ్చేదే అంటు. ఈ జబ్బు అలా రాదు. 2021 మేలో తెలంగాణ ప్రభుత్వం దీన్ని తప్పనిసరిగా తెలియజేయవలసిన జబ్బుగా ప్రకటించింది 1897 నాటి చట్టం కింద. ఆ చట్టం పేరును తెలుగులో ‘అంటువ్యాధుల చట్టం’ అంటారు. చట్టం ఇంగ్లిషు పేరులోని ‘ఎపిడెమిక్’కు అంటుకోవడమే అర్థం కాదు, జనంలో ప్రబలడం. అయినా పేరు చూసి రోగిని దూరం పెట్టినవాళ్లుంటే తప్పెవరిది?

సరైన క్రియ మనింట్లోనే ఉంది: పట్టడం. ఆవకాయలో ఉప్పు తగ్గినా, తడి గరిటె పెట్టినా బూజు పడుతుంది. పక్క జాడీ నుంచి అంటిందని ఎవరూ అనరు. ఈ సిద్ధబీజాలు గాలిలో అందరూ పీల్చేవే. షుగర్ అదుపు తప్పి రక్తం ఆమ్లమైతే, ప్రోటీన్ పట్టి ఉంచిన ఇనుము వదులై బూజుకు మేతవుతుంది. తెల్లకణాలు కూడా మందగిస్తాయి. స్టెరాయిడ్లు, అవయవ మార్పిడి తర్వాత వాడే మందులు కూడా ఇలాగే నేల వదులు చేస్తాయి. ‘సోకడం’ కూడా తప్పు కాదు, గాలి సోకినట్టు. కానీ ‘సంక్రమణ’ వద్దు, అందులో దాటిపోవడం ఉంది.

‘ఇన్వేసివ్’కు ‘ఆక్రమణ’ అని నిఘంటువు చూసి రాస్తే కబ్జా గుర్తుకొస్తుంది. శిలీంధ్రాలతోనే వచ్చే తామర, శోభి చర్మం మీదే ఆగుతాయి, ఇది లోపలికి చొచ్చుకుపోతుంది. ‘చొచ్చుకుపోయే బూజు జబ్బు’ చాలు, బ్రాకెట్‌లో మ్యూకర్‌మైకోసిస్ అని పెట్టండి. ‘వ్యాధిగ్రస్థులు’ అని ఉంటే ‘గ్రస్తులు’గా దిద్దండి, రాహుగ్రస్తంలోని త. నన్నడిగితే ‘షుగర్ ఉన్నవారు’ ఇంకా మేలు.

లక్షణాల దగ్గర మరీ జాగ్రత్త. ‘ద్వంద్వ దృష్టి’ అంటే రోగికి ఏమీ అర్థం కాదు, ‘ఒకటి రెండుగా కనబడటం’ అనండి. ‘నంబ్‌నెస్’ తిమ్మిరి కాదు, మొద్దుబారడం. కాలికి పట్టేది తిమ్మిరి, అది విదిలిస్తే పోతుంది. చెంప మొద్దుబారితే పోదు. వాక్యం ఇలా ఉండవచ్చు: “షుగర్ ఉన్నవారికి ముఖం ఒకవైపు వాచినా, చెంప మొద్దుబారినా, ముక్కులోంచి నల్లగా లేదా నెత్తురుతో చీమిడి వచ్చినా, పైపళ్లు కదిలినా, అంగిలి నల్లబడినా, ఒకటి రెండుగా కనబడినా రేపటిదాకా ఆగకుండా ఈఎన్‌టీ డాక్టరును కలవండి.”